సర్వర్‌ను కోలొకేషన్‌కు పంపే ముందు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో నేను చాలా ఏళ్ళుగా షాపుల కంప్యూటర్లు చూసుకుంటున్నాను. మందుల హోల్‌సేలు, పట్టుచీరల కొట్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, రెండు స్కూళ్ళు, పర్లాకిమిడిలో ఒక రైస్ మిల్లు. ఈ మధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు: "సర్వర్‌ని ఏదైనా డేటా సెంటర్‌లో పెట్టేద్దామా?" ఫోన్లో పదిమందికి పదిసార్లు చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

కోలొకేషన్ అంటే క్లౌడే కదా?

కాదండీ. క్లౌడులో మెషీన్ వాళ్ళది, మీరు వాడుకున్నంతకు అద్దె కడతారు. కోలొకేషన్‌లో మెషీన్ మీదే. మీరు కొన్న సర్వర్‌ను తీసుకెళ్ళి వాళ్ళ బిల్డింగులో, వాళ్ళ ర్యాకులో (సర్వర్లు అమర్చే ఇనుప చట్రం) పెడతారు. వాళ్ళు ఇచ్చేవి నాలుగే: చోటు, కరెంటు, చల్లదనం, ఇంటర్నెట్ లైను. తాళం, కాపలా వాటితోపాటే వస్తాయి.

రాయగడ వైపు చింతపండు వ్యాపారులకు నేను చెప్పే పోలిక కోల్డ్ స్టోరేజీ. బస్తాలు మీవి, చల్లదనం వాళ్ళది. లోపల పెట్టే ముందే సరుకు పాడై ఉంటే కోల్డ్ స్టోరేజీ ఆయన బాధ్యుడు కాడు. అలాగే మీ హార్డ్ డిస్క్ పోయినా, విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయినా, వైరస్ వచ్చినా డేటా సెంటర్ వాడికి సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క ముందే అర్థం కాక తర్వాత గొడవ పడ్డవాళ్ళను చాలామందిని చూశాను.

మా షాపులో ఏసీ గదిలోనే ఉంది, యూపీఎస్ కూడా ఉంది. పంపాల్సిన అవసరం ఏమిటి?

చాలామందికి లేదు. ఒకే షాపు, ఒకే కౌంటరు, సాయంత్రం దాకా బిల్లింగు, రాత్రికి షట్టరు దించేస్తారు అంటే సర్వర్ అక్కడే ఉండనివ్వండి. మంచి బ్యాకప్ పెట్టుకోండి, చాలు. కోలొకేషన్‌కు పెట్టే డబ్బులో సగంతో మీ ఆన్‌లైన్ యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు వస్తాయి.

మూడు నాలుగు ఊళ్ళలో బ్రాంచీలు ఉండి అందరూ ఒకే డేటా మీద పని చేస్తున్నా, రాత్రి కూడా ఆర్డర్లు వస్తున్నా, షాపు మూసి ఉన్నప్పుడు సర్వర్ ఆగితే మర్నాడు లారీ కదలదన్నా అప్పుడు ఆలోచించాలి. బరంపురంలో గోడౌను, గుణుపురంలో, జయపురంలో, ఇచ్ఛాపురంలో బ్రాంచీలు ఉన్న మందుల డిస్ట్రిబ్యూటరు ఒకాయన ఉన్నారు. బరంపురంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే నాలుగు ఊళ్ళలో బిల్లింగ్ ఆగిపోయేది. అలాంటివాళ్ళకు కోలొకేషన్ ఖర్చు కాదు, అవసరం.

భువనేశ్వర్, విశాఖపట్నం, హైదరాబాద్. మాకు ఏది మంచిది?

మా ఊళ్ళవాళ్ళకు అసలు ప్రశ్న ఇదే. చాలామంది "దగ్గర ఏది?" అని మొదలుపెడతారు. నేను ఇంకోలా మొదలుపెట్టమంటాను: మీ షాపును కొట్టే తుపాను మీ సర్వర్‌ను కూడా కొడుతుందా?

తారీఖులు చూడండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్ని, ఇటు గజపతి జిల్లాను ముంచింది. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటి భువనేశ్వర్ మీదుగా వెళ్ళింది. ఆరేళ్ళలోపే మనం "దగ్గర" అనుకునే రెండు నగరాలూ, మధ్యలో మనమూ దెబ్బ తిన్నాం. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఫణి తర్వాత భువనేశ్వర్‌లో చాలా కాలనీలకు కరెంటు రావడానికి వారం దాటింది.

అంటే ఆ రెండు నగరాలూ పనికిరావని కాదు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలను భూమిలోకి దింపారు. గట్టిగా కట్టిన డేటా సెంటర్ గాలికి కూలదు కూడా. దాని చుట్టూ ఉన్నవే ఆగిపోతాయి. రోడ్డు మీద చెట్లు పడితే డీజిల్ ట్యాంకర్ రాదు, స్తంభాల మీది ఫైబర్ తెగుతుంది, డ్యూటీ మారాల్సిన మనిషి ఇల్లు దాటలేడు.

నా సలహా ఇది. ప్రధాన సర్వర్ హైదరాబాద్‌లో, రెండో కాపీ బరంపురంలో. లేదంటే ప్రధాన సర్వర్ విశాఖలో లేదా భువనేశ్వర్‌లో, రెండో కాపీ తీరానికి దూరంగా. రెండూ తీరం మీదే వద్దు. హైదరాబాద్‌కు ఇంకో లాభం భూకంపం లెక్క. 2016 నాటి ఐఎస్ 1893 అనే భారతీయ భూకంప ప్రమాణంలో హైదరాబాద్ జోన్ 2, భువనేశ్వర్ జోన్ 3. అంకె పెరిగితే ముప్పు ఎక్కువ. అలాగని హైదరాబాద్‌కు ఏ ఆపదా లేదనుకోకండి. 2020 అక్టోబర్‌లో అక్కడ కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. మీరు ఎంచుకునే సెంటర్ ఏ చెరువు కింద ఉందో, జనరేటర్ సెల్లార్‌లో ఉందో పైన ఉందో చూడాల్సిందే.

మనిషి చేరుకోవడం కూడా లెక్కలోకి తీసుకోండి. బరంపురం నుంచి భువనేశ్వర్‌కు పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు. రాయగడవాళ్ళకు విశాఖ దగ్గర. హైదరాబాద్ అంటే ఎవరికైనా ఒక రాత్రి ప్రయాణం, పండగ రోజుల్లో రిజర్వేషన్ దొరకదు. కాబట్టి హైదరాబాద్ ఎంచుకుంటే, మనిషి వెళ్ళకుండానే పని జరిగే ఏర్పాట్లు గట్టిగా ఉండాలి. వాటి గురించి కింద రాశాను.

దూరమైతే ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) స్లో అవుతుందంటున్నారు. నిజమేనా?

ఎలా వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకండుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. కేబుల్ దారి 1,000 కిలోమీటర్లు అనుకుంటే వెళ్ళి రావడానికి 10 మిల్లీసెకండ్లు. దారి చుట్టు తిరగడం వల్ల నాకు హైదరాబాద్‌కు 25 నుంచి 40 మధ్య కనిపిస్తుంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌కు, అంటే దూరంలోని సర్వర్ స్క్రీన్‌ను ఇక్కడ తెరిచి పని చేయడానికి, అది ఏమంత లెక్కలోది కాదు. కీ కొడితే అక్షరం వెంటనే పడినట్టే ఉంటుంది.

ట్యాలీ డేటా ఫోల్డరును షేర్ చేసి, ఇక్కడి కంప్యూటర్ నుంచి ఆ దూరం లైను మీద నేరుగా తెరిస్తేనే చిక్కు. ఒక రిపోర్టుకు ప్రోగ్రాం 3,000 సార్లు అటూ ఇటూ అడిగిందనుకోండి. షాపు లోపలి నెట్‌వర్కులో ఒక్కోదానికి మిల్లీసెకండు కూడా పట్టదు, మూడు సెకండ్లలోపు అయిపోతుంది. 30 మిల్లీసెకండ్ల దూరంలో అదే పనికి 90 సెకండ్లు. నెట్ స్పీడు పెంచినా ఇది తగ్గదు. ప్రోగ్రాం, డేటా రెండూ సర్వర్‌లోనే ఉండాలి, ఇక్కడికి స్క్రీన్ మాత్రమే రావాలి.

ఇంకో మాట. దగ్గరి ఊరిలో ఉంటే లైను కూడా దగ్గరే అనుకోకండి. బరంపురం నుంచి విశాఖకు పోయే ట్రాఫిక్ కొన్ని కంపెనీల లైన్లలో చెన్నైకో, కోల్‌కతాకో, హైదరాబాద్‌కో వెళ్ళి తిరిగొస్తుంది. సంతకం పెట్టే ముందు ఆ సెంటర్ వాళ్ళను ఒక టెస్ట్ ఐపీ (పరీక్షకు ఇంటర్నెట్ చిరునామా) అడిగి మీ షాపు నుంచే పింగ్ (ఎంతసేపు పడుతుందో చూపేది), ట్రేస్‌రూట్ (ఏ దారిలో పోతుందో చూపేది) కొట్టి చూడండి. పగలు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి.

టైర్ 3, టైర్ 4 అంటారు. ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

టైర్లంటే డేటా సెంటర్లకు అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ వాళ్ళ వర్గీకరణ. సూటిగా చెప్పాలంటే టైర్ 3లో ఏ ఒక్క పరికరాన్ని రిపేరుకు ఆపినా మీ సర్వర్ ఆగకూడదు. టైర్ 4లో ఏదైనా ఉన్నట్టుండి పాడైనా ఆగకూడదు. టైర్ 3 ఏడాదిలో 99.982 శాతం సమయం నడుస్తుందని, అంటే గంటన్నర పైచిలుకు ఆగవచ్చని బ్రోచర్లలో కనిపిస్తుంది. టైర్ 4కి 99.995 శాతం, సుమారు 26 నిమిషాలు. వాటిని హామీ అనుకోకండి.

మా వ్యాపారాలకు నిఖార్సైన టైర్ 3 చాలు. 'నిఖార్సైన' అన్న మాటలోనే ఉంది కిటుకు. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ డిజైన్ కాగితాలకు ఒకటి, కట్టిన బిల్డింగుకు ఇంకోటి ఇస్తుంది. కాగితాలకు వచ్చిన సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టి రిసెప్షన్‌లో తగిలించి, కట్టడంలో మాత్రం పొదుపు చేసినవాళ్ళు ఉంటారు. "టైర్ 3 ప్రమాణాలకు అనుగుణంగా" అని రాసి ఉంటే అసలు సర్టిఫికెట్ లేదనే అర్థం. టీఐఏ-942 అని ఇంకో ప్రమాణం ఉంది, అందులో 'రేటెడ్ 3', 'రేటెడ్ 4' అంటారు. అదీ మంచిదే, కానీ ఎవరు ఆడిట్ చేశారో, ఏ ఏడాది చేశారో చూడండి.

కరెంటు గురించి ఏమేం అడగాలి?

యూపీఎస్ ఎన్ని ఉన్నాయని కాదు, ఒకటి ఆగితే ఏమవుతుందని అడగండి. అవసరమైనదానికి ఒకటి ఎక్కువ ఉంటే 'ఎన్ ప్లస్ వన్' అంటారు. మొత్తం ఏర్పాటే రెండు జతలుంటే 'టూ ఎన్'. మీ ర్యాకుకు ఏ ఫీడు, బీ ఫీడు అని రెండు కరెంటు దారులు రావాలి. రెండూ వేరు వేరు యూపీఎస్‌ల నుంచి రావాలి. ఒకే యూపీఎస్ నుంచి రెండు వైర్లు లాగి రెండు ఫీడ్లు అని చూపించిన చోటును నేను చూశాను.

ఇందులో మీ వైపు బాధ్యత కూడా ఉంది. మీ సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు లేకపోతే రెండు ఫీడ్లు ఉండీ దండగ. ఉంటే ఒకటి ఏలో, ఒకటి బీలో పెట్టండి. ఒక్కో ఫీడు మీద లోడు 40 శాతం దాటనివ్వకండి. ఏ పోతే మొత్తం లోడు బీ మీద పడుతుంది. అప్పటికే బీ మీద 70 శాతం ఉంటే బ్రేకర్ ట్రిప్ అవుతుంది, రెండూ పోతాయి.

డీజిల్ దగ్గర ఇంకొంచెం ఆగాలి. 500 కేవీఏ జనరేటర్ ఫుల్ లోడులో గంటకు సుమారు 100 లీటర్లు తాగుతుంది. రెండు రోజులంటే 4,800 లీటర్లు. "మా దగ్గర ఆపకుండా నడిచే జనరేటర్ ఉంది సార్" అంటే, ట్యాంకు ఎన్ని లీటర్లు, ఈ రోజు లోపల ఎంత ఉంది అని అడగండి. ఫైలిన్‌లో మా క్లయింటు ఒకాయనకు జనరేటర్ బ్రహ్మాండంగా ఉంది. రెండో రోజుకు డీజిల్ అయిపోయింది. పెట్రోలు బంకులో డీజిల్ ఉంది కానీ పంపు తిప్పడానికి వాళ్ళకు కరెంటు లేదు. దసరా రోజుల్లో బకెట్లు పట్టుకుని తిరిగాం. అప్పటి నుంచి నేను తీరం మీది సెంటర్ ఏదైనా 48 గంటల డీజిల్ లోపలే ఉంచాలని పట్టుబడతాను.

చల్లదనం?

సర్వర్ ముందు వైపు లోపలికి వెళ్ళే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) సిఫారసు. గదిలో వణుకు పుడితేనే మంచి సెంటర్ అనుకోవడం పొరపాటు. ర్యాకుల ముందు చల్లగాలి, వెనక వేడిగాలి కలవకుండా అడ్డు పెట్టారా, ఖాళీ చోట్లకు మూతలు బిగించారా చూడండి. తీరం మీదైతే మేడ మీది ఏసీ యూనిట్లను గాలికి కొట్టుకుపోకుండా కట్టారా, ఉప్పుగాలికి రేకులు తుప్పు పట్టాయా అని పైకి ఎక్కి చూడండి.

నిప్పు అంటుకుంటే?

నీళ్ళు చల్లకుండా గ్యాసుతో ఆర్పే ఏర్పాటు, పొగ కంటికి కనిపించకముందే పసిగట్టే గొట్టాలు ఉండాలి. గ్యాసు సిలిండర్ మీద ప్రెషర్ మీటరు, చివరిగా తనిఖీ చేసిన తేదీ చూడండి. బ్యాటరీ గది సర్వర్ల గదికి దూరంగా, నిప్పు తట్టుకునే గోడ అవతల ఉండాలి.

ఇక్కడే బ్యాకప్ సంగతి కూడా చెప్పేస్తాను. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ వాళ్ళ డేటా సెంటర్ భవనం ఒకటి కాలి బూడిదైంది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో పెట్టుకున్నవాళ్ళలో చాలామందికి ఏమీ మిగలలేదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకుంటే 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వకు వేరే కాపీ లేకపోవడంతో అదంతా పోయింది. అంత పెద్ద ప్రభుత్వానికే అలా జరిగిందంటే, "సర్వర్ డేటా సెంటర్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు" అనే మాట ఇక ఎవరూ అనకూడదు. ఇల్లు కాలాక బావి తవ్వలేం కదా. రోజూ రాత్రి ఒక కాపీ మీ బరంపురం ఆఫీసుకు రావాలి. నెలకోసారి దాన్ని నిజంగా తెరిచి చూడాలి.

చూడటానికి వెళ్తే ఏం చూడాలి?

సేల్స్ అబ్బాయి మిమ్మల్ని గాజు గది దగ్గరకు తీసుకెళ్ళి నీలం లైట్లు చూపిస్తాడు. టీ ఇస్తాడు. తాగండి. తర్వాత బిల్డింగు వెనక్కి వెళ్ళండి.

కొన్నేళ్ళ కిందట ఒక నగరంలో ఒక సెంటర్‌కు వెళ్ళాను. పేరు ఎందుకులెండి. బ్రోచర్ చూస్తే కళ్ళు చెదిరాయి. రెండు జనరేటర్లు అని రాశారు, రెండూ ఉన్నాయి. "రెండోది ఒకసారి స్టార్ట్ చేయండి" అన్నాను. తాళం చెవి ఉన్నాయన పెళ్ళికి వెళ్ళాడన్నారు. మొదటిదాని లాగ్‌బుక్ అడిగాను. గత ఏడు నెలల ఎంట్రీలు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే రోజు కూర్చుని రాసినట్టున్నాయి. మేడిపండు వ్యవహారం. బస్సెక్కి వచ్చేశాను.

లాగ్‌బుక్ చూడటం నాకు అలా అలవాటైంది. మంచి చోట లాగ్‌బుక్ మురికిగా ఉంటుంది, డీజిల్ మరకలుంటాయి, కొట్టివేతలుంటాయి, "స్టార్ట్ కాలేదు, బ్యాటరీ మార్చాం" లాంటి ఎంట్రీలు కూడా ఉంటాయి. తప్పు రాసుకున్నవాడిని నమ్ముతాను. లోడు మీద జనరేటర్ పరీక్ష నెలకోసారైనా జరగాలి. ఊరికే ఖాళీగా పది నిమిషాలు తిప్పడం పరీక్ష కాదు.

యూపీఎస్ బ్యాటరీల మీద తయారీ తేదీ ఉంటుంది. మామూలు సీల్డ్ లెడ్ బ్యాటరీ నాలుగైదేళ్ళు దాటితే అనుమానించాలి. సీలింగు పలకల మీద నీటి మరకలు, కేబుళ్ళ దారుల దగ్గర ఎలుకల బోనులు చూడండి. నవ్వకండి, మా ప్రాంతంలో ఎలుకలు కొరికినన్ని కేబుళ్ళు ఎవరూ కొరకలేదు. బోనులుంటే మంచి గుర్తే, వాళ్ళకు సమస్య తెలుసన్నమాట.

వీలైతే ఒకసారి రాత్రి పదకొండుకు ఫోన్ చేసి, "ఇప్పుడు వస్తాను, లోపలికి పంపిస్తారా?" అని అడగండి. మీకు నిజంగా అవసరం పడేది ఆ టైములోనే.

మా సర్వర్‌ను వేరేవాళ్ళు ముట్టుకోరని నమ్మకం ఏమిటి?

మీరు రాతపూర్వకంగా ఇచ్చిన పేర్ల జాబితాలో ఉన్నవాళ్ళే లోపలికి వెళ్ళాలి, అదీ ఫొటో గుర్తింపు కార్డు, వేలిముద్ర ఇచ్చాకే. ఉద్యోగం మానేసిన అబ్బాయి పేరు జాబితాలోంచి తీయించడం మర్చిపోయేది ఎక్కువగా మనవాళ్ళే. వెళ్ళగానే ఎవరో ఒకరు "మీ కార్డు తర్వాత చూద్దాం సార్, రండి" అని మర్యాద చేశారంటే, రేపు మీ సర్వర్ దగ్గరికి ఇంకెవరినైనా అలాగే రానిస్తారు. ఒకటి రెండు సర్వర్లే అయితే ర్యాకును వేరేవాళ్ళతో పంచుకోవాలి. అప్పుడు మీ భాగానికి విడిగా తాళం ఉందా అని అడగండి. సీసీటీవీ రికార్డు 90 రోజులు ఉంచేవాళ్ళను చూసుకోండి. ఐఎస్ఓ 27001 (సమాచార భద్రత ప్రమాణం) ఉంటే సర్టిఫికెట్ మీద అడ్రసు చదవండి. హెడ్ ఆఫీసుకు తీసుకుని అన్ని సెంటర్లకూ చూపిస్తుంటారు.

దొంగ లోపలికి నడిచి రావడం కంటే ఇంటర్నెట్‌లోంచి రావడమే ఎక్కువ. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును బయటికి తెరిచిపెడితే గంటల్లోనే ఎవరో ఒకరు పాస్‌వర్డులు కొడుతూ ఉంటారు. ముందు ఫైర్‌వాల్ (బయటివాళ్ళను ఆపే కాపలా), వీపీఎన్ (మీవాళ్ళకే తెరుచుకునే రహస్య దారి), ఆ తర్వాతే లాగిన్. సర్వర్ పెట్టే రోజే ఇది అయిపోవాలి, "వచ్చే వారం చేద్దాం" అనకండి.

రాత్రి రెండింటికి సర్వర్ హ్యాంగ్ అయితే ఎవరు చూస్తారు?

కొనేటప్పుడే ఐడ్రాక్, ఐఎల్ఓ లాంటి రిమోట్ మేనేజ్‌మెంట్ ఉన్న సర్వర్ కొనండి. విండోస్ చచ్చినా ఇంట్లోంచే ఆపి మళ్ళీ ఆన్ చేయవచ్చు. డిస్కు మార్చడం లాంటి చేతిపనికి 'రిమోట్ హ్యాండ్స్' అని ఉంటుంది, అరగంటకో గంటకో ఇంత అని తీసుకుంటారు. ఆ రేటు ముందే కాగితం మీద ఉండాలి. ఒక స్పేర్ డిస్కు వాళ్ళ దగ్గరే పెట్టి, సర్వర్‌కు ముందూ వెనకా పెద్ద అక్షరాలతో లేబుల్ అతికించండి.

హైదరాబాద్, విశాఖల్లో నాకు నచ్చేది ఒకటుంది. ఆ టైములో ఫోన్ ఎత్తిన కుర్రాడితో తెలుగులో "బాబూ, పై నుంచి మూడోది, ఎర్ర లైటు వెలుగుతున్నది" అంటే వెంటనే అర్థమవుతుంది. మనకు ఒడియా ఎలాగూ వచ్చు కాబట్టి భువనేశ్వర్‌లోనూ ఇబ్బంది లేదనుకోండి.

రాయగడ, కోరాపుట్ వైపు మా నెట్టే నిలకడగా ఉండదు. సర్వర్ దూరంగా పెడితే ఎలా?

మంచి ప్రశ్న, దీన్ని అమ్మేవాళ్ళు ఎత్తరు. సర్వర్ షాపులో ఉన్నంతకాలం నెట్ పోయినా బిల్లు కొట్టుకున్నారు. సర్వర్ హైదరాబాద్ వెళ్ళిన రోజు నుంచి మీ షాపు ఊపిరి ఆ ఒక్క ఫైబర్‌లో ఉంటుంది. రోడ్డు వెడల్పు చేసే పొక్లెయినర్ ఒక్కసారి గీకితే చాలు. రెండు వేరు కంపెనీల లైన్లు తీసుకోండి. రెండూ ఒకే స్తంభాల మీంచి వస్తుంటే ప్రయోజనం లేదు, ఒకటి ఫైబర్, ఒకటి సిమ్ మీద నడిచేది అయితే మేలు. కొండ ఊళ్ళలో కౌంటరు బిల్లింగ్‌ను నేను ఇప్పటికీ షాపు కంప్యూటర్‌లోనే ఉంచి, సర్వర్‌కు గంటకోసారి డేటా పంపిస్తాను. సెంటర్ వైపు కూడా కనీసం రెండు మూడు టెలికాం కంపెనీల లైన్లు లోపలికి వచ్చి ఉండాలి, అవి బిల్డింగులోకి వేరు వేరు వైపుల నుంచి రావాలి.

బిల్లు ఎలా వేస్తారు?

ర్యాకు 42 యూ. ఒక యూ అంటే ఎత్తులో 1.75 అంగుళాలు. మీ సర్వర్ 1యూ లేదా 2యూ ఉంటుంది. చోటుకు కొంత, కరెంటుకు కొంత, నెట్‌కు కొంత. కొటేషన్లలో తేడా ఎక్కువగా కరెంటు దగ్గరే దాగి ఉంటుంది.

లెక్క వేద్దాం. సర్వర్ సగటున 300 వాట్లు లాగుతుంది. 30 రోజులకు 216 యూనిట్లు. ఏసీలకు, యూపీఎస్ నష్టాలకు కలిపి పీయూఈ అని ఒక గుణకం ఉంటుంది. 1.6 అయితే 216 కాస్తా దాదాపు 346 యూనిట్లు అవుతుంది. యూనిట్ 10 రూపాయలు అనుకుంటే 2,160 రూపాయలు ఒక కొటేషన్‌లో, 3,456 రూపాయలు ఇంకో దాంట్లో. రెండు చోట్లా "యూనిట్ 10 రూపాయలే సార్" అంటారు. పీయూఈ కలిపిన రేటా, కలపని రేటా అని అడగండి. మీటరు లేకుండా కేవీఏకు ఇంత అని ఒకే మొత్తం తీసుకునేవాళ్ళూ ఉన్నారు. అక్కడ వాడకపోయినా కట్టాలి.

నెట్‌కు '95వ పర్సెంటైల్' అంటే భయపడకండి. ఐదు నిమిషాలకోసారి వాడకం కొలుస్తారు, నెలకు 8,640 కొలతలు. అందులో పై 5 శాతం, అంటే 36 గంటల వాడకం, తీసేసి మిగిలినదాంట్లో ఎక్కువదానికి బిల్లు వేస్తారు. రాత్రి బ్యాకప్ రోజూ గంటలోపు అయిపోతే అది లెక్కలోకి రాదు. రెండు గంటలు నడిస్తే నెలకు 60 గంటలు, లెక్కలోకి వచ్చేస్తుంది.

వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ. మీ ఒడిశా జీఎస్టీ నంబరు బిల్లు మీద పడేలా చూడండి, లేకపోతే క్రెడిట్ పోతుంది. మొదటిసారి పెట్టే చార్జీలు, క్రాస్ కనెక్ట్ (సెంటర్ లోపల మీ ర్యాకు నుంచి టెలికాం లైనుకు కేబుల్ కలపడం) చార్జీలు, ఏటా పెంచే శాతం ముందే అడగండి.

99.9 శాతం అప్‌టైమ్ అని రాసిచ్చారు. చాలదా?

30 రోజుల నెలలో 99.9 శాతం అంటే 43 నిమిషాలు ఆగినా వాళ్ళు మాట తప్పనట్టే. 99.95 అయితే 21 నిమిషాల పైన. అది దాటితే మీకు వచ్చేది ఆ నెల అద్దెలో కొంత తగ్గింపు. మీ ఆగిన లారీలకు ఎవరూ ఇవ్వరు. తుపాను లాంటి 'దైవికమైన' కారణాలకు వర్తించదని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన ప్రాంతంలో ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి అడగండి: "గాలి ముందే చెప్పి వస్తుంది కదా, మీ డీజిల్ అయిపోతే అది కూడా దైవికమేనా?" డీజిల్ నిల్వ, జనరేటర్ పనితీరు ఆ మినహాయింపులోకి రావని రాయించుకున్నవాళ్ళు ఉన్నారు. అడిగితేనే రాస్తారు.

చట్టం ఏమైనా ఉందా?

మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో పెట్టాలి. 2022లో కంపెనీల అకౌంట్స్ నిబంధనల్లో మార్చారు. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో వాళ్ళకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, మందుల చీటీలు ఉన్నవాళ్ళు 2023 డేటా రక్షణ చట్టం గురించి ఆడిటర్‌తో మాట్లాడండి. రక్షణ ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. సర్వర్ డేటా సెంటర్‌లో ఉన్నా ఆ బాధ్యత మీదే, వాళ్ళది కాదు.

సర్వర్‌ను అక్కడికి ఎలా చేర్చాలి?

అమ్మకం కాదు కాబట్టి డెలివరీ చలాన్ మీద పంపాలి. విలువ 50,000 రూపాయలు దాటితే రాష్ట్రం దాటడానికి ఈ-వే బిల్లు కావాలి. డిస్కులు విప్పి, నంబర్లు వేసి, విడిగా మనిషి చేతిలో తీసుకెళ్ళడం నా పద్ధతి. బాడీ పార్సిల్‌లో పోతుంది. దారిలో ఉన్నప్పుడూ, అక్కడ పెట్టాక కూడా ఇన్సూరెన్స్ మీరే చేయించుకోవాలి. పెట్టాక సీరియల్ నంబరుతో సహా రసీదు తీసుకోండి. రేపు బయటికి తెచ్చుకోవాలంటే అదే ఆధారం. బాకీ ఉంటే సర్వర్ తిరిగి ఇవ్వబోమని ఒప్పందంలో రాస్తారు, అది మామూలే. బిల్లు మీద తగాదా ఉన్నప్పుడు కూడా డేటా కాపీ తీసుకోవడానికి అడ్డు చెప్పకూడదని రాయించండి.

ఎప్పుడు మార్చాలి?

అక్టోబర్, నవంబర్ నెలల్లో వద్దు, కారణం పైన చెప్పాను. మార్చిలో ఆడిటర్లు ఊపిరాడనివ్వరు. సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి మొదటి వారాల్లో, ఒక శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం మొత్తం చేతిలో ఉంటుంది. షాపులో ఉన్న పాత మెషీన్‌ను వెంటనే అమ్మేయకండి. దాన్ని ఇంకో రెండు నెలలు అక్కడే ఉంచి, రాత్రి కాపీ దానిలోకే వచ్చేలా పెట్టండి.